క్రొత్తగా లైసెన్సు పొందినవారికి కారు బీమా: ఖర్చెంత? జాగ్రత్తలేవి?

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ పట్టణముల మీదుగా సాగును. నార్కట్‌పల్లి నుండి అద్దంకికి పోవు రహదారి మిర్యాలగూడను తాకుచు పోవును. ధాన్యము నింపుకొని మిల్లులకు పోవు ట్రాక్టర్లు, బియ్యపు లారీలు, సిమెంటు లారీలు, దూరప్రాంతపు బస్సులు ఈ బాటలపై రేయింబవళ్లు తిరుగుచుండును. వాటి నడుమ నేడు మన గ్రామముల యువతీయువకులు నడుపు కార్లును పెరిగినవి. సాగర్ ఎడమ కాలువ క్రింద పంట బాగుగా చేతికి వచ్చిన యేడు ఒక పాత కారు కొని, ఇంటిలో చదువుకొన్న కుమారునిచేతనో, కుమార్తెచేతనో నడిపించుట ఇప్పుడు అరుదైన విషయము కాదు.

ఇట్లు క్రొత్తగా లైసెన్సు పొందినవారిని, వారి తల్లిదండ్రులను ఒక సందేహము పీడించుచుండును. “చేయి తిరగని డ్రైవరు కదా, బీమా కంపెనీ ఎక్కువ సొమ్ము అడుగునా?” అనునది ఆ సందేహము. దీనికి సమాధానము చాలమంది అనుకొనునట్లు ఉండదు. చట్టము తప్పనిసరి చేసిన బీమాకు క్రొత్తవాడైనను, ఇరువది యేండ్లు నడిపినవాడైనను చెల్లించునది ఒకే ధర. క్రొత్తవానికి కలుగు నిజమైన ఖర్చు వేరొక చోట దాగియున్నది. అది ఎచటనో, దానిని తప్పించుకొనుట ఎట్లో ఇచట వివరింపదలచితిమి.

రెండు విధముల బీమా

మోటారు బీమాలో రెండు భాగములు కలవు. మొదటిది మూడవ పక్షపు బీమా. దీనినే వాడుకలో థర్డ్ పార్టీ అందురు. మన వాహనము వలన బాటసారికో, సైకిలుపై పోవువానికో, మరియొక వాహనములోనివారికో హాని కలిగినప్పుడు వారికి ఈయవలసిన పరిహారమును కంపెనీ భరించుటయే దీని పని. 1939 నాటి మోటారు వాహనముల చట్టములోనే ఇది తప్పనిసరి చేయబడినది. ఇప్పుడు అమలులోనున్న 1988 నాటి చట్టము 146వ సెక్షను ప్రకారము ఈ బీమా లేని వాహనమును బహిరంగ ప్రదేశమున నడుపరాదు. నడిపినచో మొదటి తప్పునకు మూడు నెలల వరకు జైలుగాని, 2,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019లో సవరించిన చట్టము చెప్పుచున్నది.

రెండవది సొంత వాహనమునకు కలుగు నష్టముపై బీమా. కారు గుద్దుకొన్నను, కాలిపోయినను, దొంగిలింపబడినను, వరదలో మునిగినను దీని క్రింద సొమ్ము లభించును. ఇది చట్టరీత్యా తప్పనిసరి కాదు. ఈ రెండును కలిపి తీసికొన్న దానిని ప్యాకేజీ పాలసీ యందురు. జనులు దీనినే “ఫుల్ ఇన్సూరెన్సు” అని పిలుచుచున్నారు.

అందరికిని ఒకే ధర

మూడవ పక్షపు బీమా ధరను కంపెనీలు తమ ఇష్టము వచ్చినట్లు నిర్ణయింపజాలవు. బీమా నియంత్రణ సంస్థను సంప్రదించి కేంద్ర ప్రభుత్వమే దానిని నిర్ణయించును. ఈ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదునందే యున్నది. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము సొంత కారునకు ఒక సంవత్సరపు ధరలు ఇట్లున్నవి: ఇంజను సామర్థ్యము 1,000 సి.సి. మించనిచో 2,094 రూపాయలు; 1,000 దాటి 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, 1,500 సి.సి. మించినచో 7,897 రూపాయలు. వీటిపై 18 శాతము జి.ఎస్.టి. అదనము. ప్రభుత్వము సవరించినప్పుడు ఈ ధరలు మారును గనుక, పాలసీ తీసికొను దినమున నాటి ధరను అడిగి తెలిసికొనవలెను.

ఈ పట్టికలో డ్రైవరు వయస్సునకుగాని, అనుభవమునకుగాని స్థానము లేదు. ఇంజను పరిమాణమునే చూతురు. ఇంగ్లండు వంటి దేశములలో పద్ధతి వేరు. అచ్చట డ్రైవరు వయస్సును, అనుభవమును తూచి ధర కట్టుదురు. నిన్న పరీక్షలో నెగ్గిన యువకుడు తన తండ్రికంటె ఎంతో హెచ్చుగా చెల్లింపవలసి వచ్చును. మన దేశములో ఈ భారము లేదు. సూర్యాపేటలో నిన్న లైసెన్సు పొందినవాడును, ముప్పదియేండ్లు కారు నడిపిన వైద్యుడును ఒకే రకపు కారునకు ఒకే ధర చెల్లింతురు.

క్రొత్త కారు కొనువారికి మరియొక నియమము కలదు. సుప్రీంకోర్టు ఆదేశానుసారము 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారునకు మూడేండ్లకు, క్రొత్త మోటారుసైకిలునకు అయిదేండ్లకు మూడవ పక్షపు బీమా ఒకేసారి తీసికొనవలెను. 2022 నాటి రేట్లలో 1,000 నుండి 1,500 సి.సి. కారునకు ఈ మూడేండ్ల ధర 10,640 రూపాయలు. కొనుగోలునాడు బీమా పేర పెద్ద మొత్తము కనబడుటకు ఇది యొక కారణము. డ్రైవరు క్రొత్తవాడగుట కారణము కాదు.

సొంత కారు నష్టమునకు ధర

ఈ భాగమున కంపెనీలకు స్వేచ్ఛ కలదు. 2007 జనవరి 1 వరకు ఇందును ఒకే టారిఫు ఉండెడిది. నాటినుండి ధరలు సడలింపబడినవి. అయినను లెక్క కట్టు తీరు నేటికిని చాలవరకు పాత బాటనే నడచుచున్నది. ముందుగా కారునకు బీమా విలువ కట్టుదురు. షోరూము ధరలో కారు వయస్సును బట్టి తరుగు తీసివేయగా మిగిలినదే ఆ విలువ. ఆరు నెలల లోపు కారునకు 5 శాతము, రెండవ యేట 20 శాతము, మూడవ యేట 30 శాతము, అయిదవ యేట 50 శాతము తరుగు తీయుట పాత పద్ధతి. ఆ విలువపై ఇంత శాతమని ప్రీమియము వేయుదురు.

మన ప్రాంతమువారికి ఇందొక చిన్న మేలు కలదు. హైదరాబాదు, చెన్నై, ముంబయి మొదలైన ఎనిమిది మహానగరములు “ఎ” మండలము. తక్కిన దేశమంతయు “బి” మండలము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ “బి” మండలములోనివి. పాత టారిఫులో 1,000 నుండి 1,500 సి.సి. వరకు గల అయిదేండ్ల లోపు కారునకు హైదరాబాదులో నూటికి 3.283 రూపాయలు కాగా, మన పట్టణములలో 3.191 రూపాయలు. ఆ లెక్కన 4,00,000 రూపాయల విలువగల కారునకు సంవత్సరమునకు 12,764 రూపాయలగును. కంపెనీలు దీనిపై తగ్గింపు లిచ్చును. ఆ తగ్గింపు కంపెనీకి కంపెనీకి మారును. కావున ఒకరిద్దరిని కాక ముగ్గురు నలుగురిని అడిగి చూచుట లాభకరము.

క్రొత్తవానికి లేనిది బోనసు

క్రొత్త డ్రైవరుకు, అనుభవజ్ఞునకు ధరలో తేడా వచ్చునది ఈ బోనసు వద్దనే. ఒక సంవత్సరము క్లెయిము చేయని యజమానికి మరుసటి యేడు సొంత కారు నష్టపు ప్రీమియములో 20 శాతము తగ్గింతురు. రెండేండ్లు చేయనిచో 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, అయిదేండ్లకు 50 శాతము తగ్గును. దీనినే నో క్లెయిమ్ బోనసు అందురు. పై ఉదాహరణలోని 12,764 రూపాయలు అయిదేండ్ల బోనసు గలవానికి 6,382 రూపాయలకు దిగును. క్రొత్తవాడు పూర్తి మొత్తము చెల్లింపవలెను. ఈ తేడా క్రొత్తవానికి విధించిన శిక్ష కాదు. ఓపికతో సంపాదించుకొనదగిన ఆస్తి.

ఈ ఆస్తిని చాలమంది మొదటి యేటనే పోగొట్టుకొనుచున్నారు. క్రొత్తవాని చేతిలో కారునకు గీతలు పడుట, గేటునకు తగిలి డొక్క నొక్కుకొనుట సహజము. మరమ్మతునకు 4,000 రూపాయలైన దనుకొందము. పాలసీ నియమము ప్రకారము 1,500 సి.సి. వరకు గల కారునకు మొదటి 1,000 రూపాయలు సాధారణముగా యజమానియే భరింపవలెను. కంపెనీ నుండి హెచ్చులో హెచ్చు 3,000 రూపాయలు వచ్చును. కాని ఆ క్లెయిము వలన మరుసటి యేడు రావలసిన 20 శాతము, అనగా 2,553 రూపాయలు పోవును. ఆపై యేడు 25 శాతమునకు బదులు 20, మూడవ యేడు 35 శాతమునకు బదులు 25 మాత్రమే లభించును. కారు విలువ మారదనుకొన్నచో మూడేండ్లలో పోవునది మొత్తము సుమారు 4,467 రూపాయలు. విలువ తగ్గుకొలది ఈ నష్టమును కొంత తగ్గునుగాని, లెక్క తలక్రిందులు కాదు. చిన్న దెబ్బలను సొంత సొమ్ముతో బాగు చేయించుకొని, పెద్ద నష్టమునకే బీమాను ఆశ్రయించుట మేలు.

పాత కారు కొనువారు మరియొకటి గుర్తింపవలెను. బోనసు యజమానిదే గాని కారుది కాదు. అమ్మిన వ్యక్తికి 50 శాతము బోనసు ఉన్నను కొన్నవానికి అది రాదు. ఆ కారునకున్న మూడవ పక్షపు బీమా చట్టప్రకారము కొన్నవానికి సంక్రమించును. అయినను 14 దినములలో కంపెనీకి తెలిపి పాలసీని తన పేరునకు మార్పించుకొనవలెను. లేనిచో సొంత కారు నష్టపు క్లెయిము నిరాకరింపబడు ప్రమాదము కలదు. అమ్మినవారును ఊరకుండరాదు. రిజిస్ట్రేషను పుస్తకములో ఎవరి పేరున్నదో వారినే యజమానిగా ఎంచవలెనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది.

మూడువేల రూపాయల వెనుక ముప్పదిరెండు లక్షలు

ఇంతవరకు చెప్పినది వేల రూపాయల లెక్క. ఇక లక్షల లెక్కను చూడవలెను. రోడ్డు ప్రమాదమున ఒకరు మరణించినప్పుడు మోటారు ప్రమాదముల పరిహార ట్రిబ్యునల్ వారి కుటుంబమునకు ఈయవలసిన సొమ్మును నిర్ణయించును. 2009లోను, 2017లోను సుప్రీంకోర్టు చెప్పిన సూత్రములను అనుసరించి ఒక ఉదాహరణము తీసికొందము. నెలకు 15,000 రూపాయలు సంపాదించు 28 సంవత్సరముల స్వయంఉపాధి గల వ్యక్తి మరణించెననుకొనుడు. అతనిపై భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి ఆధారపడియున్నారు. సంవత్సరాదాయము 1,80,000 రూపాయలు. భవిష్యత్తులో పెరుగుదల క్రింద 40 శాతము కలుపగా 2,52,000. అతని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,89,000. ఆ వయస్సునకు నిర్ణయించిన 17 చేత హెచ్చింపగా 32,13,000 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువాటి క్రింద ఈయవలసినది దీనికి అదనము.

మన మండలములలో ఇంత సొమ్ము ఎందరు రైతుల వద్ద ఉండును? మూడెకరములు అమ్మినను చాలకపోవచ్చును. ఈ భారమును కంపెనీ తనపై వేసికొనుటకే 3,416 రూపాయలు తీసికొనుచున్నది. ప్రాణనష్టము, శరీర గాయముల విషయమున దాని బాధ్యతకు ఇంతయని పరిమితి లేదు. ఇతరుల ఆస్తికి కలుగు నష్టమునకు మాత్రము కారు పాలసీలో సాధారణముగా 7,50,000 రూపాయల హద్దు కలదు.

లైసెన్సు లేనిచో బీమా ఉన్నను లేనట్లే

క్రొత్తగా కారు నేర్చినవారి ఇంటికి అసలైన అపాయము ఇచటనే యున్నది. పాలసీ సజీవముగా నున్నను, నడిపినవానికి తగిన లైసెన్సు లేనిచో అది షరతు ఉల్లంఘన యగును. అట్టి సందర్భములలో కంపెనీ ముందుగా బాధితులకు చెల్లించి, తరువాత ఆ మొత్తమును యజమాని నుండి రాబట్టుకొనవచ్చునని న్యాయస్థానములు ఆదేశించుచున్నవి. బాధిత కుటుంబమునకు న్యాయము జరుగును. యజమాని ఇల్లు, పొలము మాత్రము అప్పు క్రిందికి పోవును. యజమాని నిర్లక్ష్యమును కంపెనీయే ఋజువు చేయవలెనని సుప్రీంకోర్టు 2004లో చెప్పిన మాట నిజమే. కాని లైసెన్సు ఉన్నదో లేదో చూడకయే కన్నకొడుకునకు తాళములిచ్చిన తండ్రి తాను జాగ్రత్త వహించితినని ఎట్లు చెప్పుకొనగలడు?

కావున నాలుగు సందర్భములను వేరువేరుగా తెలిసికొనవలెను.

మొదటిది ఎల్.ఎల్.ఆర్. కాలము. అభ్యాసకుని లైసెన్సు ఆరు నెలలు చెల్లును. ముప్పది దినములు గడచిన పిమ్మట పరీక్షకు పోవచ్చును. అభ్యాసకుని లైసెన్సు కూడ లైసెన్సేనని పై 2004 తీర్పు చెప్పినది. అయితే ప్రక్కన పూర్తి లైసెన్సు గలవారు, అవసరమైనప్పుడు కారును ఆపగలిగినట్లు కూర్చుండవలెను. ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని “ఎల్” అక్షరము ఉండవలెను. ఊరిలోనే కదా యని ఒంటరిగా నడుపుట నియమమునకు విరుద్ధము.

రెండవది మైనరు. పదునెనిమిదేండ్లు నిండనివారు కారు నడుపరాదు. నడిపి తప్పు చేసినచో సంరక్షకునకు మూడేండ్ల వరకు జైలును, 25,000 రూపాయల జుల్మానాయును విధింపవచ్చును. వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు లభింపదు.

మూడవది వాహన తరగతి. తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సు గలవారు మొత్తము బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనమును కూడ నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. మిర్యాలగూడ మిల్లులకు, కోదాడ మార్కెట్టుకు చిన్న గూడ్సు బండ్లు నడుపువారికి ఇది ఊరట. రవాణా వాహనము నడుపుటకు ఇరువదియేండ్లు నిండవలెనను నియమము మాత్రము వేరుగా నున్నది. పెద్ద లారీకి ఈ లైసెన్సు పనికిరాదు.

నాలుగవది కిరాయి. సొంత అవసరమునకు బీమా చేసిన కారును పెండ్లికో, పెద్దగట్టు జాతరకో కిరాయికి త్రిప్పుట పాలసీ షరతునకు విరుద్ధము. ఆ ఒక్క దినపు కిరాయి కొరకు పాలసీ రక్షణనే పణముగా పెట్టినట్లగును.

కారులో కూర్చుండువారి సంగతి

మూడవ పక్షపు బీమా ఒక్కటే తీసికొన్నచో, మన కారులో ఊరకే ఎక్కించుకొన్న బంధుమిత్రులకు అది వర్తింపదని సుప్రీంకోర్టు తీర్పుల సారాంశము. ప్యాకేజీ పాలసీ యున్నచో వారికి రక్షణ లభించును. క్రొత్త డ్రైవరు ప్రక్కన కూర్చుండువారు సాధారణముగా తల్లిదండ్రులు, తోబుట్టువులే గదా! కారు పాతదైనను, విలువ తక్కువైనను, మొదటి రెండు మూడేండ్లు ప్యాకేజీ పాలసీ తీసికొనుట మంచిదని చెప్పుటకు ఇదియే ముఖ్యకారణము.

నడుపు యజమానికి 15,00,000 రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా కలదు. సరియైన లైసెన్సు గల యజమానికే ఇది వర్తించును. కారు తండ్రి పేరనుండి కుమారుడు నడుపుచున్నచో కుమారునకు ఇది రక్షణ కాదు. అతనికి వేరుగా ప్రమాద బీమా తీసికొనవలెను.

చేయవలసిన పనులు

ఇంతవరకు చెప్పిన దానిని గుర్తుంచుకొనుటకు వీలుగా క్లుప్తముగా చెప్పుచున్నాము.

1. తాళము చేతికిచ్చుటకు ముందు లైసెన్సును, దాని గడువును, వాహన తరగతిని చూడుడు. లైసెన్సు ఎంత దగ్గరివారిదైనను చూడుడు.

2. పాలసీ గడువు ముగియుటకు ముందే పునరుద్ధరింపుడు. గడువు తీరిన 90 దినములలోపున పునరుద్ధరింపనిచో కూడబెట్టిన బోనసు పోవును.

3. పాత కారు కొన్నప్పుడు రిజిస్ట్రేషనును, బీమాను రెంటిని మార్పించుకొనుడు.

4. చిన్న నష్టమునకు క్లెయిము చేయుటకు ముందు పోవు బోనసెంతో లెక్క చూడుడు.

5. చౌకగా వచ్చినదని ఊరు పేరు లేని వారి చేత పాలసీ కొనకుడు. పాలసీ నంబరును కంపెనీ వద్ద సరిచూచుకొనుడు. డిజిలాకర్, ఎంపరివాహన్‌లలోని పత్రములను తనిఖీ సమయమున చూపవచ్చును.

6. కంపెనీ న్యాయమైన క్లెయిమును త్రోసిపుచ్చినచో ముందుగా ఆ కంపెనీకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుడు. అచట న్యాయము జరుగనిచో నియంత్రణ సంస్థ వారి 155255 నంబరుకు ఫోను చేయవచ్చును. హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ వద్దకు రుసుము లేకయే పోవచ్చును.

నియంత్రణ సంస్థ 2022లో మరియొక వెసులుబాటును కల్పించినది. కారు ఎంత దూరము తిరిగినది, ఎట్లు నడుపబడినది అను విషయములను బట్టి సొంత నష్టపు ప్రీమియము నిర్ణయించు పద్ధతికి అనుమతి యిచ్చినది. నెలకు ఒకటి రెండు మారులు మాత్రమే సూర్యాపేటకో, నల్లగొండకో పోవు కుటుంబములకు ఇది లాభించవచ్చును. కంపెనీని అడిగి చూడుడు.

రైతు విత్తనమునకు ఖర్చు పెట్టునప్పుడు అది ఎక్కువని వెనుకాడడు. కంచె వేయని చేను పశువుల పాలగునని అతనికి తెలియును. బీమా సొమ్ము కంచె వంటిది. చెల్లుబాటగు లైసెన్సు ఆ కంచెకు గేటు. కంచె ఎంత బలముగా వేసినను గేటు తెరచియుంచినచో ప్రయోజనమేమి? క్రొత్తగా కారు నేర్చిన ప్రతి యువకుడును, ప్రతి యువతియు, వారికి తాళము లిచ్చు ప్రతి పెద్దయు ఈ రెంటిని జతగా చూచుకొన్నచో, బీమాకు చెల్లించిన ప్రతి రూపాయియు ఆ ఇంటిని, ఎదుటివారి ఇంటిని కూడ కాపాడును.